అలుగు లేని తేటమ్మ

ఒకప్పుడు, చవుటి చెరువుల్లో నీళ్ళు కూడా కొబ్బరినీళ్ళలా తియ్యగా ఉన్న రోజుల్లో, మూడు గుట్టల మధ్య గిన్నెలాంటి పల్లంలో తేటమ్మ అనే చెరువు ఉండేది.

ఆమె నీళ్ళు ఎంత తేటగా ఉండేవంటే, అడుగున పడున్న గులకరాయి మీద చారలు కూడా ఒడ్డున నిలబడ్డవాళ్ళకి కనిపించేవి. పైన మబ్బు పోతుంటే కింద తేటమ్మలో ఇంకో మబ్బు పోయేది. ఏది అసలుదో కొంగలకి కూడా తెలిసేది కాదు. ఆ తేటదనం అంటే తేటమ్మకి మహా ఇష్టం.

ఒక్కటే లోటు. ఆమెకి అలుగు లేదు. మిగతా చెరువులు నిండితే ఎక్కువైన నీళ్ళు అలుగు మీంచి పొర్లి కిందికి వెళ్ళిపోతాయి. తేటమ్మ చుట్టూ అన్నివైపులా గుట్టలే. వచ్చే నీళ్ళకి దారి ఉంది గానీ పోయే నీళ్ళకి దారి లేదు.

దానికి తోడు, కాదనడం ఆమెకి చేతకాదు. ఎవరేం తెచ్చినా "సరేలే, అక్కడ పెట్టు" అనేది. వాళ్ళు వెళ్ళాక తనలో తను గొణుక్కునేది.

పెద్దగుట్ట తేటమ్మకి స్వయానా అన్న. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరూ వాగులే. పెద్దది గులకవాగు, చిన్నది ఎర్రవాగు. వాన పడితే చాలు, ఇద్దరూ ఒకర్నొకరు తోసుకుంటూ పరిగెత్తుకొచ్చేవాళ్ళు.

"అత్తా, నాన్న నీకు సారె పంపించాడు," అనేది గులకవాగు, రొప్పుతూ.

"ఏం పంపించాడే?"

"కాస్త ఉప్పు, కాస్త సున్నం, కాస్త చవుడు. దారిలో రాళ్ళని కరిగించి నేనే మోసుకొచ్చాను."

చవుడంటే తెల్లటి మన్ను. నాలిక మీద పెడితే మండుతుంది, వేళ్ళ మధ్య రుద్దితే జారుతుంది. సబ్బులు లేని రోజుల్లో బట్టలు దాంతోనే ఉతికేవాళ్ళు.

"పోయిన వానకి కూడా ఇదే కదే పంపించాడు," అంది తేటమ్మ.

"మా ఇంట్లో ఉన్నవి అవే అత్తా," అంది ఎర్రవాగు. "నేను కూడా అవే తెచ్చాను. కొంచెం ఎక్కువ తెచ్చాను."

పుట్టింటివాళ్ళు పంపిన సారెని వద్దని ఎలా అంటుంది? ఆడపిల్లలు అంత దూరం మోసుకొచ్చారాయె. "సరేలే, అక్కడ పెట్టండి," అంది తేటమ్మ. వాళ్ళు పెట్టేసి, చేతులు దులుపుకుని, చల్లగా వెళ్ళిపోయారు.

వానాకాలం పోతే ఎండాకాలం వచ్చేది. అప్పుడు సూర్యుడి వంతు. ఆయన పొద్దున్నే వచ్చి కూర్చుని, సాయంత్రం దాకా తాగుతూనే ఉండేవాడు. మంచినీళ్ళు తాగేవాడు. ఉప్పు, చవుడు, సున్నం మాత్రం ముట్టేవాడు కాదు. అన్నంలో కరివేపాకు ఏరి పక్కన పెట్టే పిల్లల్లాగా వాటిని ఏరి తేటమ్మ దగ్గరే వదిలేసేవాడు.

ఒకరోజు తేటమ్మ ఉండబట్టలేక అడిగింది. "పెద్దాయనా, నీళ్ళు తాగితే తాగావు. ఈ మిగిలిన సరంజామా అంతా ఎవరు పట్టుకెళ్తారు?"

"నాకు ఉప్పు పడదమ్మా," అన్నాడు సూర్యుడు. "నీళ్ళంటావా, ఊరికే ఉంచుకోను. మబ్బు కట్టి మళ్ళీ మీ అన్న మీదే కురిపిస్తాను."

"కురిపిస్తే ఆ పిల్లలిద్దరూ మళ్ళీ మూటలు కట్టుకుని నా దగ్గరికే వస్తారు కదయ్యా."

"అది మీ ఇంటి సంగతి. మధ్యలో నేనేం చెప్తాను?" అని సూర్యుడు గుట్ట దిగిపోయాడు.

ఇలా వానలో మూటలు రావడం, ఎండలో నీళ్ళు పోవడం. ఏడాదికేడాది తేటమ్మ నీళ్ళు చిక్కబడ్డాయి. మొదట ఉప్పగా అయ్యాయి. తర్వాత సబ్బునీళ్ళలా జారుడుగా అయ్యాయి. చూడటానికి ఇంకా తేటగానే ఉండేవి గానీ, నోట్లో పెట్టుకుంటే నోరు పొక్కేది.

ముందు తామరలు వెళ్ళిపోయాయి. ఆకుల అంచులు మాడిపోతున్నాయని ఏడ్చి, పోయాయి. తర్వాత కప్పలు. ఒళ్ళు మంటలని గోల చేసి, గంతులేసుకుంటూ గుట్ట దాటాయి. అందరికన్నా ఆఖర్న కొర్రమీను తాత వచ్చాడు. తేటమ్మ చిన్నప్పటి నుంచీ ఆమె ఒళ్ళోనే ఉన్నవాడు.

"అమ్మా తేటా, కళ్ళు మండుతున్నాయి. పిల్లల మొప్పలు ఎర్రబడ్డాయి. ఈ వానకి ఎర్రవాగుకి ఎదురెక్కి పైకి పోదామనుకుంటున్నాం."

"పొండి. అందరూ పొండి. నేనేమైనా పట్టుకున్నానా?" అంది తేటమ్మ. మాట విసురుగా వచ్చింది గానీ, వాళ్ళ తోకలు వాగు మలుపులో కనిపించకుండా పోయేదాకా అటే చూస్తూ ఉండిపోయింది.

తర్వాత ఒకామె మేకల్ని తోలుకొచ్చింది. వంగి దోసిలితో నీళ్ళు నోట్లో పోసుకుని, వెంటనే ఉమ్మేసింది. "ఇదేం నీళ్ళే తల్లీ, చవుటి చెరువు," అని మేకల్ని మళ్ళించుకుని పోయింది. అప్పట్నుంచి అందరూ ఆ పేరే పట్టుకున్నారు.

తేటమ్మకి ఒళ్ళు మండిపోయింది. "అడిగానా నేను? ఈ ఉప్పు కావాలని అడిగానా? తెచ్చింది వాళ్ళు, వదిలేసింది ఆయన, పేరొచ్చింది నాకు," అని ఒడ్డుకి కొట్టుకుంటూ గొణిగింది. వినడానికి ఎవరూ లేరు. కప్పల గోల వినిపిస్తే బాగుండునని మొదటిసారి అనిపించింది.

అలాంటి రోజుల్లో ఒక బాతు అలిసిపోయి తేటమ్మ మీద వాలింది. నీళ్ళు తగలగానే "అబ్బే" అని కాళ్ళు విదిలించి మళ్ళీ ఎగిరిపోయింది. ఆ విదిలింపుకి దాని కాలి నుంచి ఆవగింజంత పచ్చటిదేదో రాలి నీళ్ళలో పడింది.

"ఎవరది?" అంది తేటమ్మ.

"నేనేనమ్మా, నాచుని," అంది అది సన్నగా. "అందరూ పాచి అంటారు. మీరూ అదే అనండి, అలవాటైపోయింది."

"పాచివా? ఇక్కడికెందుకొచ్చావు?"

"నేను రాలేదమ్మా, నన్ను విదిలించారు. బావిలో ఉంటే బావి గోకారు. కుండలో ఉంటే కుండ తోమారు. మెట్ల మీద ఉంటే ఎవరో జారిపడి, నన్ను తిట్టి, చీపురుతో కడిగారు. ఊరి చెరువులో ఉందామంటే అక్కడ తిండి చాలదు. తామర తిన్నాక, తుంగ తిన్నాక, మిగిలింది నాకు. అది కూడా తినబోయేసరికి అలుగు పారి కొట్టుకుపోతుంది."

"ఇక్కడ మాత్రం ఏముందే? ఉప్పూ చవుడూ తప్ప."

నాచు నీళ్ళని కాస్త రుచి చూసింది. ఇంకాస్త చూసింది.

"చవుడుందా? నిజంగా చవుడేనా? ఎంతుంది?"

"ఎంతేమిటి, నా నిండా అదే."

"అమ్మా, నేను తినేదే అది," అంది నాచు. "చవుడు తింటాను. ఎండ మీద వండుకుంటాను. ఒక మూల పడుంటాను. మీకు అడ్డం రాను."

తేటమ్మకి కాదనడం వస్తేగా? "సరేలే, ఆ మూల ఉండు," అంది.

రెండో పొద్దు తేటమ్మ కళ్ళు తెరిచేసరికి మూలంతా పచ్చగా ఉంది. ఆ మర్నాడు చూస్తే సగం ఒళ్ళు పచ్చగా ఉంది. వారం తిరిగేసరికి మబ్బు లేదు, గులకరాయి లేదు, ఏమీ కనిపించడం లేదు. చివర్నించి చివరదాకా గోంగూర పప్పులా ఒకటే పచ్చ.

"ఒక మూల ఉంటానన్నావు," అంది తేటమ్మ పళ్ళు నూరుతూ.

"ఉందామనే అనుకున్నానమ్మా," అంది నాచు, పని ఆపకుండానే. "కానీ ఇంత తిండి నేను జన్మలో చూడలేదు. తింటే తరగదు. కొట్టుకుపోదు. పోటీకి తామర లేదు, తుంగ లేదు. పైన చూస్తే మొయ్యలేనంత ఎండ. తినకుండా ఎలా ఉంటాను? తింటే పెరక్కుండా ఎలా ఉంటాను?"

"నా ముఖం నాకే కనిపించడం లేదే."

"నేను కనిపిస్తున్నాను కదమ్మా."

ఇన్నాళ్ళూ ఎవరూ లేరని ఏడిస్తే, ఇప్పుడు ఊపిరాడనంత మంది. పొద్దస్తమానం ఏదో ఒకటి వండటం, తినడం, పెరగడం, ఒకర్నొకరు జరగమనడం. పైగా వాసన. పచ్చిగడ్డి నలిపినట్టు ఒకటే వాసన.

ఆ పచ్చదనం ఆకాశం నుంచి చూసి, ఎక్కడి నుంచో పెద్ద పక్షుల గుంపు వచ్చి దిగింది. కర్రల్లాంటి పొడుగు కాళ్ళు, వంకర ముక్కులు, తెల్లటి ఒళ్ళు. నడి చెరువులో ఒక మట్టిదిబ్బ ఉంటే దాని మీద చిన్న చిన్న మట్టి గూళ్ళు కట్టుకుని గుడ్లు పెట్టాయి. తలకాయలు తలకిందులుగా నీళ్ళలో ముంచి, ముక్కుల్లోంచి నీళ్ళు వడకట్టి, నాచుని తినసాగాయి. తేటమ్మని అడిగినవాళ్ళు లేరు.

"వీళ్ళొకళ్ళా," అంది తేటమ్మ.

ఆ గుంపుకి పెద్దదిక్కు సన్నకాళ్ళమ్మ అనే పక్షి. అది ముక్కు పైకెత్తి మర్యాదగానే చెప్పింది. "ఎన్నో చెరువులు తిరిగాం అక్కా. ఇంత తిండి ఎక్కడా లేదు. పిల్లలకి రెక్కలొచ్చేదాకా ఉంటాం."

"ఉండండి, ఉండండి. నన్నెవరు అడిగారు గనక," అంది తేటమ్మ. అది విసుగని పక్షికి అర్థం కాలేదు. "చాలా మంచి మనసక్కా నీది," అని మళ్ళీ తల ముంచింది.

గుడ్లు పగిలాయి. బూడిదరంగు పిల్లలు బయటికొచ్చాయి. దిబ్బంతా కిచకిచ. నీళ్ళన్నీ పచ్చ. తేటమ్మ తట్టుకోలేకపోయింది. ఒక మధ్యాహ్నం పడమటిగాలి అటుగా పోతుంటే పిలిచింది.

"ఒరే గాలీ, ఈ పాచిని నా మీంచి లాగెయ్. ఒక్కసారి నా ముఖం నేను చూసుకోవాలి."

"బాగా ఆలోచించుకునే అంటున్నావా అక్కా?" అన్నాడు గాలి. వాడు దుడుకువాడే గానీ, పని చెప్తే ఒకమాట అడిగే చేసేవాడు.

"ఆలోచించడానికి నాకు చోటెక్కడుంది? లాగెయ్."

గాలి చొక్కా చేతులు మడిచినట్టు నాలుగుసార్లు గిర్రున తిరిగి, మొదలుపెట్టాడు. నాచంతటినీ మీగడ తీసినట్టు తోసుకుంటూ తూర్పు ఒడ్డుకి తీసుకుపోయి గుట్టలు పోశాడు. పోతూ పోతూ నాచు ఏమీ ఏడవలేదు. "ఇక్కడ కూడా గోకించారా అమ్మా," అని మాత్రం అంది.

సూర్యుడు వచ్చి ఒడ్డు మీద పడ్డదాన్ని ఎండబెట్టాడు. సాయంత్రానికి అది చాప చుట్టలా ముడుచుకుపోయింది.

తేటమ్మ మళ్ళీ తేటబడింది. మబ్బు కనిపించింది. గులకరాయి కనిపించింది. ఒళ్ళు విరుచుకుని హాయిగా పడుకుంది. మర్నాడంతా హాయిగానే ఉంది.

ఆ తర్వాత దిబ్బ మీద కిచకిచ తగ్గింది. తగ్గితే మంచిదే కదా అనుకుంది తేటమ్మ. కాసేపు విని, ఇంకా తగ్గుతుంటే తలెత్తి చూసింది. పిల్లలు మెడలు వాల్చి గూళ్ళలో కూర్చున్నాయి. సన్నకాళ్ళమ్మ నీళ్ళలో తల ముంచుతోంది, తీస్తోంది, మళ్ళీ ముంచుతోంది. ముక్కులో నీళ్ళు తప్ప ఏమీ లేవు.

"ఎగిరి వేరే చెరువుకి పోరాదూ?" అంది తేటమ్మ.

"నేను పోగలనక్కా. పిల్లలకి రెక్కలు రాలేదు."

"నడిపించుకుపో."

"ఎండకి ఒడ్డంతా ఉప్పు పేరుకుంది. పిల్లల కాళ్ళకి ఉప్పు గడ్డలు కట్టి నడవలేరు. నిన్న ఒకడు అలాగే కూలబడ్డాడు. వాడి తల్లి ముక్కుతో పొడిచి గడ్డ పగలగొట్టి వెనక్కి తెచ్చుకుంది." సన్నకాళ్ళమ్మ గూళ్ళ వైపు చూసింది. "నేను వీళ్ళని ఇక్కడ పొదగకుండా ఉండాల్సింది. నువ్వు ఉండమంటే నిజమే అనుకున్నాను."

ఆ మాట తేటమ్మకి గుచ్చుకుంది. ఆమె వాగుల్ని పిలిచింది. "ఒసే పిల్లలూ, తినడానికి ఏమైనా ఉంటే తీసుకురండే. పురుగో, పుట్రో, ఏదో ఒకటి."

ఎండాకాలం కదా, గులకవాగు దారంలా సన్నబడి ఉంది. "ఏమీ లేదత్తా," అంది నీరసంగా. "కాస్త చవుడుంటే తెచ్చాను."

తేటమ్మకి తల బాదుకోవాలనిపించింది. కొర్రమీనులున్నా పిల్లచేపలు దొరికేవి. వాళ్ళని ఆపలేదు. నాచుంటే కడుపు నిండేది. దాన్ని తనే గెంటింది. ఇంకెవర్ని తిట్టడానికీ లేదు. అదే అన్నిటికన్నా చిరాగ్గా ఉంది.

తూర్పు ఒడ్డు వైపు చూసింది. ఎండిన నాచు దూరంగా, ఉప్పు పెచ్చు కింద పడుంది. ఆమె నీళ్ళు అంతవరకు అందవు. మళ్ళీ గాలినే పిలిచింది.

"ఒరే, నన్ను తూర్పు ఒడ్డుకి తొయ్యి. అలలు అక్కడిదాకా వెళ్ళాలి."

"పొమ్మన్నదీ నువ్వే, ఇప్పుడు రమ్మంటున్నదీ నువ్వేనా?" అన్నాడు గాలి. "నాకు ఇంకేం పని లేదనుకుంటున్నావా?"

"తిట్టు. తర్వాత తీరిగ్గా తిట్టు. ముందు తొయ్యి."

గాలి తోశాడు. అల లేచి ఒడ్డు మీదికి పాకింది గానీ, సగంలోనే ఇంకిపోయింది. మళ్ళీ తోశాడు. ఈసారి ఉప్పు పెచ్చు దాకా వెళ్ళి ఆగింది. "ఒంట్లో ఉన్న నీళ్ళన్నీ పెట్టు అక్కా," అన్నాడు గాలి, ఆయాసపడుతూ. తేటమ్మ పడమటి ఒడ్డున నేల బయటపడేదాకా తన నీళ్ళన్నీ కూడదీసుకుంది. మూడో అల ఉప్పు పెచ్చుని పగలగొట్టి, ఎండిన చాపని తడిపింది.

చాలాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత ముడుచుకున్న అంచు ఒకటి మెల్లగా విచ్చుకుంది. లోపల ఆవగింజంత పచ్చ.

"ఎవరది?" అంది నాచు. గొంతు కీచుమంది.

"నేనే. తేటమ్మని. రా, ఇంటికి పోదాం."

"నేను రానమ్మా."

"రావే."

"వస్తాను, తింటాను, పెరుగుతాను. మీకు చిరాకొస్తుంది, గాలిని పిలుస్తారు. మళ్ళీ నన్ను గోకుతారు. బావి దగ్గర కుండ దగ్గర గోకితే బాధపడలేదు. వాళ్ళకి నా అవసరం లేదు. ఇక్కడ ఎందుకో బాధేసింది."

తేటమ్మ అలని ఇంకాస్త దగ్గరికి జరిపింది. తర్వాత చెప్పింది. "నాకు విసుగెక్కువ. అది పోతుందని నేను చెప్పను. నువ్వొచ్చాక కూడా గొణుగుతాను. రోజూ గొణుగుతాను. కానీ గోకించను. గాలి ఎప్పుడైనా దుడుకుతనంతో నిన్ను ఒడ్డున పడేసినా, నేనే వచ్చి తెచ్చుకుంటాను."

"మీ ముఖం మీకు కనిపించదు మరి."

"అద్దం చూసుకుంటూ కూర్చోనా, అక్కడ పసివాళ్ళు మెడలు వాల్చేస్తుంటే? పద."

నాచు అల ఎక్కింది.

ఆ రోజు సూర్యుడు ఎంత ఎండ కాయగలడో అంతా కాశాడు. నాచు చవుడు తింది, వండింది, పెరిగింది, మళ్ళీ తింది. గులకవాగు తెచ్చిన గుప్పెడు చవుడు కూడా ఊరికే పోలేదు. పొద్దు వాలేసరికి దిబ్బ చుట్టూ పచ్చటి వలయం. మర్నాటికి చెరువంతా పచ్చ. సన్నకాళ్ళమ్మ కడుపు నిండా తిని, పిల్లల నోళ్ళలో నోరు పెట్టి ఆ రసం తాగించింది. వాల్చిన మెడలు ఒక్కొక్కటీ లేచాయి. దిబ్బ మీద కిచకిచ మొదలైంది.

"మొదలుపెట్టారూ," అంది తేటమ్మ. కానీ చాలాసేపు వింటూనే ఉంది.

కొన్నాళ్ళకి సన్నకాళ్ళమ్మ కంగారుగా వచ్చింది. "అక్కా, ఇదేం తిండో గానీ, నా ఈకలు చూడు. మల్లెపువ్వులా ఉండేవి. గులాబీరంగుకి తిరిగాయి. ఎంత కడిగినా పోవడం లేదు."

"నా రంగు పోయిందని నేను ఎవరితో చెప్పుకున్నాను?" అంది తేటమ్మ. "నోరు మూసుకుని తిను. బాగానే ఉన్నావు."

పిల్లలకి రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. వెళ్ళిన చోటల్లా తేటమ్మ గురించి చెప్పాయి. అలుగు లేని చెరువులు లోకంలో ఇంకా చాలా ఉన్నాయి. వాటి దగ్గరా ఇలాగే ఉప్పూ చవుడూ పేరుకుని, ఎవరూ రాక, అవి ఒంటరిగా గొణుక్కుంటున్నాయి. పక్షుల కాళ్ళకి అంటుకుని నాచు పిల్లలు అక్కడికీ వెళ్ళాయి. "చవుడుందా?" అని అడిగి మరీ దిగాయి.

అప్పటినుంచే, మంచినీళ్ళ చెరువులు తేటగా ఉన్నా, మనుషులు నోట్లో పెట్టుకోలేని చవుటి చెరువుల్లో మాత్రం నాచు చిక్కగా, తీసేకొద్దీ వస్తూ పండుతుంది. లక్షల పక్షులు తిన్నా తరగదు. అది తిన్న పక్షులు గులాబీరంగులో ఉంటాయి. ఎప్పుడైనా మిట్టమధ్యాహ్నం అలాంటి చెరువు ఒడ్డున నిలబడి చూడండి. పచ్చటి నీళ్ళలోంచి చిన్న చిన్న బుడగలు ఆగకుండా పైకొచ్చి, బుస్సు బుస్సుమని పగులుతుంటాయి. తేటమ్మ గొణుగుడు అదే.